మట్టి సంగతి

షెపర్టన్, ఆస్ట్రేలియా
3 ఫిబ్రవరి 2025

వెస్లీకి,

ఫోన్‌లో నా నంబరు బ్లాక్ చేసి పెద్ద ఘనకార్యం చేశాననుకుంటున్నావు. తపాలా ఆఫీసును బ్లాక్ చేయలేవు కదా, అందుకే ఈ ఉత్తరం. పదో తరగతి పరీక్ష తర్వాత కాగితం మీద ఇంత తెలుగు రాయడం ఇదే మొదటిసారి. అది కూడా నిన్ను తిట్టడానికి రాయాల్సి వచ్చింది.

విషయానికి వస్తాను. నా జీపును ఇక్కడికి తెప్పించుకోవడానికి అనుమతి వచ్చింది. ఇక్కడ కాపురం పెట్టడానికి వచ్చినవాళ్లు తమ దేశంలో ఏడాదికి పైగా వాడుకున్న సొంత బండిని తెచ్చుకోవచ్చు. ముందు అనుమతి, తర్వాత ఓడ, ఆ తర్వాత రేవులో తనిఖీ. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలుసు కాబట్టి కాగితాల వ్యవహారమంతా మీ అక్క ఈమెయిల్ మీదే నడుస్తోంది.

నిన్న మదన్‌మోహన్ ఒక ఫోటో పంపాడు. నాతోపాటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసినవాడు, నా జీపులో ప్రతి బోల్టూ తెలిసినవాడు. ఆ ఫోటో తీయడానికి వాడికి చేతులెట్లా వచ్చాయో. మొగుడంపల్లి రోడ్డు మీద నా జీపు. వెనక సీటు లేదు. ఆ జాగాలో నీ అల్లం బస్తాలు. పొలంలో తవ్వి, దులపకుండా, అట్లాగే కుక్కి తెచ్చిన అల్లం. జీపు నీలం రంగుదని నేను చెబితే తప్ప ఎవరికీ తెలియనంత ఎర్రమట్టి. అల్లం వ్యాపారం చేసేవాడికి ట్రాలీ అయినా ఉండాలి, సిగ్గయినా ఉండాలి.

ఇక్కడివాళ్లకు బయటి మట్టి అంటే చచ్చేంత భయం. అందులో పురుగులూ గింజలూ వచ్చి వాళ్ల తోటలు పాడవుతాయని. చిటికెడు కనిపించినా బండిని ఆపేస్తారు. కాబట్టి ఈ రోజు నుంచి అల్లం ఎక్కించకు. మామ కూర్చుంటానంటే కూర్చోనీ, ముందు సీటు ఎప్పుడూ ఆయనదే. కానీ ఆ ఎర్ర గళ్ల రుమాలును తడిపి స్టీరింగు మీద ఆరేసే అలవాటు మాన్పించు. మీ అక్క దాని అంచుకు పచ్చదారం కుట్టిచ్చింది ఆయన తలకు చుట్టుకోవడానికి, నా స్టీరింగుకు తుప్పు పట్టించడానికి కాదు.

జవాబు రాసే మర్యాద ఉంటే ఇంటికి రాయకు. నేను పనిచేసే టైర్ల షాపు అడ్రసు వెనక రాశాను. మన తిట్లు మీ అక్క చదవనవసరం లేదు. ఆమెకు నాలుగో నెల, బీపీ ఉంది. ఇంతకు ముందు రెండుసార్లు ఏమైందో నీకు తెలుసు.

నువ్వు కాదన్నా నీ బావనే,
చందర్


జహీరాబాద్
19 ఫిబ్రవరి 2025

ఆస్ట్రేలియా దొరగారైన మా బావగారి సముఖానికి,

మీ తిట్లు క్షేమంగా చేరాయి. పోస్ట్‌మన్ స్టాంపు చూసి శోభారాణిని "ఏం పంపిన్రక్కా ఆస్ట్రేలియా నుంచి" అని అడిగాడట. నా భార్య సంగతి తెలుసు కదా, "తిట్లు పంపిన్రు, నీకు గూడ కావాల్నా" అందట.

ఒక్క ఉత్తరంలో నా జీపు, నా జీపు అని ఎన్నిసార్లు రాశావు. ఆ నీ జీపు మా వాకిట్లోకి వచ్చినప్పుడు చక్రాలు కూడా లేని తుక్కు. మా నాయిన తన మేకలను బయట కట్టేసి రేకుల షెడ్డు నీకు ఖాళీ చేసిచ్చాడు. వానకు తడిసి రెండు మేకలు దగ్గుతుంటే అమ్మ అరిచింది, ఆయన పట్టించుకోలేదు. ఇంజను దించిన రోజు గొలుసుకు ఆ చివర వేలాడింది ఆయనే. చెరుకు ఫ్యాక్టరీలో కాటా దగ్గర కూర్చుని రిటైరైన మనిషి, స్పానరు ఏదో పానా ఏదో నీ దగ్గరే నేర్చుకున్నాడు. అప్పుడు అది మన జీపు. విమానం ఎక్కగానే నీ ఒక్కడిదైంది.

అల్లం ఎక్కించింది ఒక్కసారే, ట్రాక్టరు ఇరుసు విరిగితే. అల్లం నీ సీటును కొరకలేదు, దాన్ని మళ్లీ బిగించాను కూడా.

అసలు మాట. నాయిన గొంతులో గడ్డ ఉంది. సంగారెడ్డిలో చూసి హైదరాబాద్ పొమ్మన్నారు. వారం వారం ఆ జీపులోనే తీసుకుపోతున్నాను. బస్సులో కూర్చోలేడు. కిరాయి కారు మాట్లాడితే ఎక్కలేదు. "మా అల్లుని బండి ఉండంగ కిరాయి బండెందుకురా" అన్నాడు. అది ఆయన గొంతు విప్పి అన్న ఆఖరి మాటల్లో ఒకటి. ఇప్పుడు మాట రావడం లేదు, సైగలే. అక్కకు గొంతు వాపు అని మాత్రమే చెప్పాం.

కాబట్టి బండి ఇప్పుడు పంపను. నాయిన కోలుకున్న తర్వాత ఓడలో వేసుకో, రాకెట్‌లో వేసుకో. అంతవరకు ఆగడానికి నీకు మనసు ఉందో లేదో చూద్దాం.

వెస్లీ


షెపర్టన్
6 మార్చి 2025

వెస్లీకి,

మామ జబ్బును నా జీపుకు తాళం చేయకు. పోయిన ఆదివారం వీడియోలో చూశాను, గచ్చు మీద కూర్చుని జొన్న గటక తాగుతున్నాడు. నన్ను చూసి స్టీరింగు తిప్పినట్టు చెయ్యి తిప్పి నవ్వాడు. అంత బాగున్న మనిషిని నువ్వు మంచాన పడేసి రాస్తున్నావు. గోరంతను కొండంత చేయడం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

నేను ఆగలేను. ఈ అనుమతికి గడువు ఉంది. దాటితే మళ్లీ మొదటి నుంచి మొదలు. ముంబయిలో ఓడ మాట్లాడాను. మంజునాథ్ అనే ఏజెంటు ఈ నెల ఇరవై ఏడున జహీరాబాద్ వస్తాడు. తాళాలు, ఆర్‌సీ అతనికి ఇవ్వు. మామ దవాఖానకు మంచి కారు నెలంతా కిరాయికి పెట్టు, అది నేను భరిస్తాను. ఎక్కనంటే ఎత్తి కూర్చోబెట్టు.

(రెండో కాగితం)

ఇక మట్టి సంగతి. ఇది మాత్రం చెవిన వేసుకో. మట్టి కోసం నేను రాలేను. మీ అక్కను పంపలేను, ఆమెను డాక్టరు విమానం ఎక్కొద్దన్నాడు. కాబట్టి మట్టి పని నువ్వే ముందు నిలబడి చేయించు. నీకు చేతకాకపోతే మనుషుల్ని కూలికి పెట్టు. ఎంతైనా బిల్లు నాకు పంపు. రావాల్సినవాళ్లు రాలేదని ఏడుస్తూ కూర్చోకు, ఒక్క పూట పని. అయిపోయిన తర్వాత నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పంపు. సరిగ్గా కాకపోతే ఇక్కడ నా పరువు పోతుంది.

చందర్


జహీరాబాద్
23 మార్చి 2025

చందర్‌కు,

బావా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నాయిన పోయాడని ఫోన్‌లో చెప్పడానికి ఆ రోజు నీ నంబరు తెరిచాను. నువ్వు ఎట్లా పోయాడని అడగలేదు, అమ్మ ఎట్లా ఉందని అడగలేదు. "ప్రియకు చెప్పిన్రా" అన్నావు. ఇంకా లేదంటే "చెప్పకుండ్రి, డెలివరీ అయ్యేదాక చెప్పకుండ్రి, ఈసారి గూడ ఏమన్న అయితే నేను బతకను" అన్నావు. అమ్మ తలూపింది. నేను ఊరుకున్నాను. సరే, అది ఒక ఎత్తు.

మూడో రోజు ప్రార్థనకు ఇంటి నిండా జనం. పాస్టరు వచ్చాడు. కోహీర్ పెద్దనాయన, న్యాల్‌కల్ వాళ్లు, అందరూ చాప మీద కూర్చున్నారు. అప్పుడే పోస్ట్‌మన్ నీ ఉత్తరం తెచ్చాడు. పెద్దనాయన "అల్లుని కాయితమొచ్చింది, ఓదార్పు రాసి ఉంటడు, అందరు ఇనేటట్టు సదువు బిడ్డా" అని శోభారాణి చేతికి ఇచ్చాడు. విప్పడంలో కాగితాలు తారుమారై రెండోది పైకి వచ్చింది. ఆమె పైనున్నది చదివింది.

"ఇక మట్టి సంగతి."

నువ్వు పుట్టింది ఈ గడ్డ మీదే కదా. మనిషిని పూడ్చే పనిని మనం మట్టి అంటామని నీకు ఒకరు చెప్పాలా. మట్టి కోసం నేను రాలేను, మనుషుల్ని కూలికి పెట్టు, బిల్లు పంపు, ఏడుస్తూ కూర్చోకు, ఒక్క పూట పని. శోభారాణి కాగితాన్ని ఒళ్లో పెట్టేసింది. పెద్దనాయన లేచి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. అమ్మ మాత్రం "ఫోటోలు గూడ అడిగిండా" అంది.

తారీఖు చూశాను. మార్చి ఆరు. నీకు స్టీరింగు తిప్పి చూపించి నవ్విన మనిషికి నువ్వు ఆ వారమే మట్టి లెక్కలు వేశావు. శోభారాణి మొదటి కాగితం చూపించి ఏదో చెప్పబోయింది. అది లాక్కుని, కోపంలో పైపైన చూసి, పొయ్యిలో వేశాను.

మా నాయిన మట్టికి కూలి మనుషులు అక్కర్లేకపోయింది. పెట్టెను నీ జీపులోనే తీసుకుపోయాం. ఆయన దాంట్లో తప్ప ఎందులోనూ ఎక్కడు కదా. గోరి దగ్గర వచ్చినవాళ్లంతా తలా పిడికెడు వేశారు. కాటా దగ్గర ఆయనతో పోట్లాడిన చెరుకు రైతులు కూడా వేశారు. ఒక్క అక్క పిడికెడే తక్కువైంది. అది కూడా నీ వల్లే అని రాస్తున్నాను, డాక్టరు మీదికి నెట్టకు.

మీ మంజునాథ్‌ను రమ్మను. ఆ బండి నా కళ్ల ముందు ఉండొద్దు.

వెస్లీ


షెపర్టన్
6 ఏప్రిల్ 2025

ఓరి మొద్దు బామ్మర్దీ,

నీ ఉత్తరం షాపులో నిలబడి చదివాను. చదివి, మళ్లీ చదివి, నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. నేను రాసింది జీపు మట్టి. చక్రాల మట్టి, చాసిస్ కింది మట్టి, నీ అల్లం బస్తాల మట్టి. సర్వీసింగ్ సెంటర్‌లో మనుషుల్ని పెట్టి కడిగించు, కడిగిన బిల్లు పంపు, కడిగిన బండి ఫోటోలు పంపు అన్నాను. మొదటి కాగితంతో కలిపి నింపాదిగా చదివితే చిన్న పిల్లవాడికైనా తెలిసేది. నువ్వు దాన్ని పొయ్యిలో వేశావు. నా మీద కోపం చేసుకోవడానికి ఎప్పుడు కారణం దొరుకుతుందా అని కూర్చున్నవాడివి కాకపోతే ఎవరైనా అట్లా చేస్తారా.

మామ చావును కోరేవాడినా నేను. నాకు తండ్రి లేడు. నా పెళ్లిలో నా వైపు నిలబడింది కూడా ఆయనే. నువ్వు ఫోన్ చేసిన రోజు షాపు వెనక పాత టైర్ల మధ్య కూర్చుని ఏడ్చాను. ఓనరు వచ్చి ఏమైందంటే కంట్లో దుమ్ము పడిందన్నాను. ఇంటికి పోయి మీ అక్క ముందు నవ్వాను. నీకు కనీసం ఏడవడానికి చాప వేసిన ఇల్లు ఉంది.

జీపు కోసం నేనెందుకు ఇంత పట్టు పడుతున్నానో నీకు అర్థం కాదు. జహీరాబాద్‌లో ఫిట్టర్ చందర్ అంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర చాయ్ హోటల్‌వాడు కూడా లేచి స్టూలు ఇచ్చేవాడు. ఇక్కడ నేను నర్సు ప్రియదర్శిని గారి భర్తను. టైర్లు విప్పి పెడతాను, బిగించేది ఇంకొకడు. నా చేత్తో నేను చేసిన వస్తువు ఈ దేశంలో ఒక్కటి కూడా లేదు. ఆ జీపు వస్తే నేనూ వచ్చినట్టు. అందుకే.

మీ అక్క రోజూ నాయిన మాట్లాడాలని అడుగుతుంది. గొంతు ఆపరేషన్ అయింది, మాట్లాడొద్దన్నారు అని చెప్పాను. మీరు కూడా అదే చెప్పండి. మాట తేడా రానీయకండి.

పెద్దనాయనకు, అందరికీ మట్టి అంటే ఏ మట్టో చెప్పు. చెడగొట్టింది నువ్వు, బాగు చేయాల్సింది కూడా నువ్వే.

చందర్


జహీరాబాద్
22 ఏప్రిల్ 2025

బావకు,

అవును, మొదటి కాగితం కాల్చాను. నువ్వు జీపు మట్టి అనే రాశావనుకుందాం. మా నాయిన గొంతు మూసుకుపోతున్న రోజుల్లో రెండు కాగితాలు రాసి, ఒక కాగితమంతా చక్రాల మట్టి గురించే రాసినవాడు పెద్ద దయగలవాడైపోతాడా. నీ వివరణ అమ్మకు చదివి వినిపించాను. "గట్లనా" అంది. అంతే. మిగతావాళ్లకు నేనేం చెప్పాలి. కోహీర్‌కు పోయి, న్యాల్‌కల్‌కు పోయి, గడప గడపకూ తిరిగి మా బావ రాసిన మట్టి ఆ మట్టి కాదు ఈ మట్టి అని చెప్పనా. పెద్దనాయన అయితే నీ పేరు ఎత్తితే వేరే మాట మాట్లాడుతున్నాడు.

బండి నువ్వు చెప్పిన రోజునే మంజునాథ్ తీసుకుపోయాడు. కడిగాను. నువ్వు చెప్పావని కాదు. నాయిన ఆఖరిసారి పోయిన బండి మురికిగా ఊరు దాటొద్దని. బస్టాండు ఎదురుగా ఉన్న సర్వీసింగ్ సెంటర్‌లో పైకెత్తించి నీళ్లు కొట్టించాను. మిగిలింది నేనే పాత పళ్ల బ్రష్షుతో, మేకు మొనతో గీకాను. నీ మదన్‌మోహన్ వచ్చి వెతికి వెతికి ఒక్క రవ్వ కూడా చూపించలేకపోయాడు. కావాలంటే అడుగు.

మంజునాథ్ వచ్చిన పొద్దున అమ్మ "జరసేపు బండిల కూసుంట" అంది. వెనక ఒక్కతే కూర్చుంది. సరే, కూర్చోనీ అని మేం పక్కకు పోయాం. దిగాక కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయింది. బండి గేటు దాటుతుంటే కూడా బయటకు రాలేదు.

ఇప్పుడు నీ అబద్ధం సంగతి. రోజూ అక్క ఫోన్ వస్తుంది. అమ్మ పుస్తె లేని మెడ మీద కొంగు కప్పుకుని "పండుకున్నడు బిడ్డా", "మందులేసుకున్నడు బిడ్డా" అంటుంది. ఫోన్ పెట్టేశాక అన్నం ముందు కూర్చుని తినదు. నాయిన పోయినప్పుడు ఒకసారి ఏడ్చిన మనిషి ఇప్పుడు రోజూ ఏడుస్తోంది. అక్క నర్సు. చావు అంటే ఏమిటో నీకూ నాకూ నేర్పగలిగిన మనిషి. నువ్వు చెప్పు. నెల చూస్తాను. లేకపోతే నేనే చెప్తాను, ఆ తర్వాత ఏమైనా నీ తల మీద.

వెస్లీ


షెపర్టన్
14 మే 2025

వెస్లీకి,

నీ కసి తీరింది. సంతోషంగా ఉండు.

ఓడ మెల్బోర్న్ వచ్చింది. ఈ రోజు పొద్దున రేవు నుంచి షాపుకు ఫోన్ వచ్చింది. జీపు ఆపేశారు. వెనక సీటు కింద జాకీ పెట్టే డబ్బాలో మట్టి దొరికిందట. అంటుకున్న మట్టి కాదు. గుడ్డలో వేసి, ముడి కట్టి, జాకీ వెనక దాచిన ఎర్రమట్టి. మా ఓనరును పట్టుకుని రెండుసార్లు అడిగించాను, నాకే సరిగ్గా అర్థం కాలేదేమోనని. మూటే అన్నారు.

బ్రష్షుతో గీకానని రాశావు. మేకు మొనతో గీకానని రాశావు. ఇట్లాంటి నాటకం ఆడగలవని తెలిస్తే నిన్ను అల్లం వ్యాపారంలో ఉండనిచ్చేవాడిని కాదు. గీకినదంతా పోగు చేసి మూట కట్టి పంపావన్నమాట. "ఒక్క చిటికెడు వద్దన్నడు గద, పిడికెడు పంపుత" అనుకున్నావు. ఎర్రమట్టి అంటే నీ మొగుడంపల్లి అల్లం మట్టే, ఇంకేముంటుంది. ఏం పెట్టారో ఎందుకు పెట్టారో చెప్పాలట. సరైన జవాబు లేకపోతే బండిని వెనక్కి పంపుతారు లేదా నలిపి ఇనుము చేస్తారు. ఇరవై మూడున వచ్చి మాట్లాడమన్నారు. తుక్కు నుంచి నేను లేపిన బండిని నువ్వు మళ్లీ తుక్కు చేస్తున్నావు. నాకు ఇక్కడ ఉన్నది అదొక్కటేనని నా చేత్తో రాసి ఇచ్చాను నీకు. చూసి మరీ కొట్టావు.

మూట ఫోటో మీ అక్క ఈమెయిల్‌కు పంపారట. ఆమె ఇంకా చూసి ఉండదు. సాయంత్రం పోయి నేనే తెరిచి చూసి, ఏదో ఒకటి చెప్పి సర్దుతాను. తమ్ముడు ఇంత నీచుడని ఈ స్థితిలో ఆమెకు తెలియడం నాకు ఇష్టం లేదు.

నీ నంబరు ఇప్పుడు నేను బ్లాక్ చేశాను. మళ్లీ నాకు రాయకు.

చందర్


జహీరాబాద్
24 మే 2025

బావా,

రాయకు అన్నావు. రాయక తప్పదు. మదన్‌మోహన్ ఫోన్ నుంచి చేసినా నువ్వు ఎత్తడం లేదు. అక్క కూడా వారానికి పైగా ఎవరి ఫోన్ ఎత్తడం లేదు, అమ్మది కూడా. అమ్మ ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చుంటోంది.

నీ ఉత్తరం చదివి మూట నేను పెట్టలేదని దేవుడి సాక్షిగా అరిచాను. శోభారాణి నా మీద అనుమానంగా చూసింది. అప్పుడు అమ్మ లోపలి నుంచి వచ్చి గడప మీద కూర్చుంది.

"నేనే పెట్టిన కొడుకా. అందరు తలా పిడికెడు ఏసిన్రు, నా బిడ్డ పిడికెడు తక్కువ పడ్డది. బండి తోలుకపోయే నాడు పొద్దుగాల గోరి కాడికి పోయి ఇంత తీస్కొచ్చి మీ నాయిన రుమాల్ల కట్టిన. ఆ బండి ఎట్లన్న దాని తానకే పోతది గద. పురుడైనంక ఎరుకజేసి, దాని చేతులతోని ఏపిద్దమనుకున్న. మట్టికి గూడ తాళాలేసే దేశముంటదని నాకేం ఎరుక."

బావా, అది నాయిన రుమాలు. ఎర్ర గళ్లది. అంచుకు అక్క తన చేత్తో కుట్టిన పచ్చదారం ఉంటుంది. ఆ ఫోటో అక్క చూడకూడదు. ఇన్నాళ్లూ చెప్పు చెప్పు అని నిన్ను సతాయించింది నేనే, ఇప్పుడు నేనే అంటున్నాను. తెలియాల్సిన తీరు అది కాదు. నువ్వు చెప్పు, పక్కన కూర్చుని చెప్పు, ఫోటో మాత్రం చూపించకు.

జీపు పోతే పోనీ. నన్ను నీచుడన్నావు, అది తర్వాత తేల్చుకుందాం.

వెస్లీ


షెపర్టన్
4 జూన్ 2025

వెస్లీకి,

నీ ఉత్తరం చేరేసరికి అన్నీ అయిపోయాయి.

ఆ రోజు నీకు ఉత్తరం పోస్టు చేసి ఇంటికి వెళ్లాను. ప్రియ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఫోన్‌లో ఆ ఫోటో తెరిచి ఉంది. పెద్దది చేసి అంచు దగ్గర ఆపింది. నేను చెప్పులు విప్పక ముందే అడిగింది.

"నాయిన ఎప్పుడు పోయిండు?"

అల్లం మట్టి అని చెబుదామని దారంతా అనుకుంటూ వెళ్లాను. మార్చిలో అన్నాను. ఆమె అరవలేదు, పడిపోలేదు. లేచి వెళ్లి బీపీ మిషను తెచ్చి తన చేతికి తనే కట్టుకుంది. అంకెలు వచ్చాక మిషనును తిప్పి నా ముందు పెట్టింది. మామూలుగానే ఉంది.

"వార్డుల ఎంతమంది కండ్లు మూసిన నేను," అంది. "మా నాయిన పోయిండంటె సచ్చిపోతననుకున్నరా? అమ్మతోని గూడ అబద్ధమాడిపిచ్చిన్రు. నువ్వు, వాడు, ఇద్దరు బండి కోసం కొట్లాడుకోండ్రి. నాకు చెప్పనీకె మీకెవలకు టైం దొరకలె."

అప్పటి నుంచి మీ ఎవరి ఫోన్ ఎత్తలేదు. నాతో కూడా అన్నం, మందులు, తాళాలు, అంతే.

ఇరవై మూడున నేను వెళ్తుంటే తనూ బయలుదేరింది. రైల్లో వేరే సీట్లో కూర్చుంది. రేవులో ఆఫీసరు ఒక పెద్దావిడ. మూటను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పక్కన మూత ఉన్న పసుపు డబ్బా పెట్టుకుంది. అందులో వేసినవన్నీ కాల్చేస్తారట. ప్రియ ఆమెతో చాలాసేపు మాట్లాడింది. నాకు అందులో ఫాదర్ అన్న మాట ఒక్కటే తెలిసింది. ఆ ఆఫీసరు నా జీపు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఒక జత గ్లవుజులు తీసి ప్రియ ముందు పెట్టింది.

ప్రియ అవి తొడుక్కుంది. ముడి తనే విప్పింది. తల మీద చున్నీ కప్పుకుని, నిండా ఒక పిడికెడు తీసుకుని, కళ్లు మూసుకుని ఏదో అనుకుని, ఆ పసుపు డబ్బాలో వేసింది. మిగిలిన మట్టిని రుమాలుతో సహా మడిచి అదీ అందులోనే పెట్టింది. ఆఫీసరు మూత వేసి, పక్కకు జరిగి, కాసేపు చేతులు కట్టుకుని నిలబడింది. నేను ముందుకు వెళ్లబోతే ప్రియ చెయ్యి అడ్డం పెట్టింది. నేను దూరంగానే ఉండిపోయాను.

జీపును ఆవిరితో కడిగి వదిలిపెట్టారు. నేను లారీ మీద ఎక్కించుకుని వచ్చాను, ఆమె రైల్లో వచ్చింది. ఇప్పుడు అది మా ఇంటి ముందు ఉంది. ఎండలో మెరుస్తోంది, ఎక్కడా ఒక్క రవ్వ లేదు. ఆమె ఇంతవరకు దాని వైపు చూడలేదు. నేను కూడా తాళం పెట్టలేదు.

ఉత్తరం రాస్తున్నానని నిన్న చెప్పాను. నీకూ నాకూ చెప్పాల్సింది ఏమీ లేదంది. అమ్మకు ఒక్క మాట రాయమంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను, దీన్నయినా పొయ్యిలో వేయకుండా అమ్మకు చదివి వినిపించు.

"అమ్మకు చెప్పుమను, నేను నాయిన మట్టికి అందిన."

చందర్